రాజధానిలో మేలైన పిజ్జా ఎక్కడ?

విజయవాడ నుంచి పైచదువులకు ఢిల్లీ వచ్చిన మా మేనకోడలు ఆ మధ్య నన్నొక ప్రశ్న అడిగింది. “మామయ్యా, ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నావు కదా, మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందో చెప్పు” అని. ఏ బిల్లు ఏ స్థాయీ సంఘం ముందు మూలుగుతున్నదో అడిగితే ఠక్కున చెప్పగలను. దీనికి మాత్రం నీళ్లు నమలవలసి వచ్చింది. ఊరుకోలేక మూడు నాలుగు ఆదివారాలు నగరమంతా తిరిగాను. తిరిగిన కొద్దీ రుచి సంగతి వెనుకబడి, ఈ నగరంలో పిజ్జా తినే అర్హత ఎవరిది, మోసే బాధ్యత ఎవరిది అన్న సంగతి ముందుకు వచ్చింది.

నేను ఢిల్లీ చేరిన కొత్తలో, అంటే 1980లలో, పిజ్జా అంటే కనాట్ ప్లేస్‌లోని నిరులాస్. 1934లో హోటలుగా ప్రారంభమైన ఆ సంస్థ మధ్యతరగతి కుటుంబాలకు పిజ్జాను పరిచయం చేసింది. పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఐస్‌క్రీం ఉచితంగా ఇచ్చేవారు. ఆ పిజ్జా మీద కీమా, ఉల్లిపాయలు ఉండేవి. ఇటలీవాడు చూస్తే తన వంటకమని గుర్తుపట్టి ఉండేవాడు కాదు. అయినా అది ఎవరి మెప్పూ కోరని పిజ్జా. 1977లో కోకాకోలా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయిన దేశంలో, ఒక స్వదేశీ సంస్థ పరదేశపు రొట్టెను పంజాబీ నాలుకకు తగినట్లు మలిచింది.

తరువాత తలుపులు తెరచుకున్నాయి. 1995లో కెంటకీ చికెన్ దుకాణాలు రాగానే బెంగుళూరులోనూ, ఢిల్లీలోనూ పెద్ద రగడ జరిగింది. కంప్యూటర్ చిప్స్ కావాలి గాని బంగాళాదుంప చిప్స్ వద్దన్న నినాదం మారుమోగుతున్న రోజులవి. ఆ గొడవ సద్దుమణగకముందే, 1996 జనవరిలో, డామినోస్ తన తొలి భారతీయ దుకాణాన్ని ఢిల్లీలోనే తెరిచింది. కోడిమాంసం మీద విరుచుకుపడినవారు పిజ్జాను అంతగా పట్టించుకోలేదు. అర్ధగంటలో ఇంటికి రాకపోతే డబ్బు ఇవ్వనక్కరలేదన్న వాగ్దానంతో అది ఇళ్లలోకి ప్రవేశించింది. ఇప్పుడు దేశంలో ఆ దుకాణాలు రెండు వేలు దాటాయి.

రుచి విషయంలో నా తీర్పు సూటిగానే చెబుతాను. గొలుసు దుకాణాల పిజ్జా ఎక్కడ తిన్నా ఒకటే. అదే దాని గుణం, అదే దాని దోషం. ఖాన్ మార్కెట్ వంటి చోట్ల పిజ్జా కంటే కుర్చీకి ఎక్కువ చెల్లిస్తున్నామనిపించింది. కమలా నగర్ విద్యార్థులు తోపుడు బండ్ల వద్ద తినేది వేరే జాతి. ముందే కాల్చి ఉంచిన రొట్టె మీద కెచప్, క్యాబేజీ, తురిమిన చీజ్ వేసి పెనం మీద మూతపెట్టి ఇస్తారు. అది పిజ్జా అవునా కాదా అని శాస్త్రచర్చ చేయడం ఆకలి లేనివాడి పని. నాకు నచ్చినది దక్షిణ ఢిల్లీలో ఒక ఇరుకు సందులోని చిన్న దుకాణం. కట్టెల పొయ్యి, లోపల నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడి, నిమిషంన్నరలో రొట్టె అంచులు పొంగి, అక్కడక్కడ మాడి, బయటికి వస్తుంది. దేశవిభజన తరువాత పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థులు తందూరును ఢిల్లీ భోజనంలో భాగం చేశారు. నిప్పు మీద ఉబ్బిన రొట్టె విలువ ఈ నగరానికి కొత్తగా నేర్పవలసిన పని లేదు. కాని ఆ దుకాణంలో ఒక్క పిజ్జా ఎనిమిది వందల రూపాయలు!

ధర తలచుకోగానే నాకు సింఘూ గుర్తుకు వచ్చింది. 2020 నవంబరు చివర మూడు వ్యవసాయ చట్టాలను వ్యతిరేకిస్తూ పంజాబ్, హర్యానా రైతులు ట్రాక్టర్లతో తరలివచ్చి రాజధాని సరిహద్దులలో బైఠాయించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ డిసెంబరులో అమృత్‌సర్ నుంచి వచ్చిన కొందరు యువకులు, పప్పూ రొట్టెలతో లంగరు నడిపే వ్యవధి లేక, హర్యానాలో ఒక మాల్ వద్ద పిజ్జాలు కొని సింఘూలో పంచిపెట్టారు. సుమారు నాలుగు వందల పిజ్జాలు చూస్తుండగానే అయిపోయాయి. ఇక చూడండి గగ్గోలు! పిజ్జాలు తినేవారు రైతులెట్లా అవుతారు? వీరికి డబ్బు ఎక్కడిది? వీరి వెనుక ఉన్నదెవరు? గోధుమలు పండించి ఇచ్చేవాడు ఆ పిండితో చేసిన రొట్టె తింటే తప్పేమిటని రైతులు అడిగిన ఎదురు ప్రశ్నకు ఈనాటికీ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

ఇందులోని వైపరీత్యం గమనించదగినది. రైతును విశాలమైన మార్కెట్‌తో జోడించడమే ఆ చట్టాల ఆశయమని వాటి సమర్థకులు వాదించారు. తీరా రైతు మార్కెట్‌కు పోయి, పైకం చెల్లించి, మార్కెట్ అమ్మే వస్తువునే కొంటే వారిలో చాలామందికి కంటగింపు అయింది. రైతు అంటే చిరిగిన పంచె, ఎండిన డొక్క ఉండాలి. అప్పుడే అతడు అన్నదాత. జీన్స్ వేసుకుని పిజ్జా ముక్క చేత పట్టుకుంటే కుట్రదారు. మన సినిమాలు, మన పాఠ్యపుస్తకాలు, నిజం చెప్పాలంటే మా పత్రికలు కూడా ఈ బొమ్మను గీయడంలో తలా ఒక చేయి వేశాయి. చట్టాలు 2021 నవంబరులో రద్దయ్యాయి. ఆ బొమ్మ రద్దు కాలేదు.

పిజ్జా మీద పరిచే టమాటాకైనా ఇంతే. 2023 జులైలో ఢిల్లీలో కిలో టమాటా రెండు వందలు దాటినప్పుడు కేంద్ర ప్రభుత్వం హుటాహుటిన ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి టమాటాలు కొనిపించి, రాజధానిలో తొంభై రూపాయలకు అమ్మించింది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రైతులు బుట్టలు రోడ్డు మీద కుమ్మరించి వెళ్లే రోజులలో ఇంత చురుకుదనం నేను చూడలేదు.

పిజ్జా ఢిల్లీ రాజకీయాలలో మరొక పర్యాయం ప్రత్యక్షమైంది. 2021 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్, పిజ్జాను ఇంటికి పంపగలిగినప్పుడు రేషన్‌ను ఎందుకు పంపకూడదని కేంద్రాన్ని నిలదీశారు. 72 లక్షల మంది లబ్ధిదారులకు ఇంటివద్దకే సరుకు చేర్చాలన్న ఆయన పథకాన్ని లెఫ్టినెంట్ గవర్నర్ వెనక్కు పంపారు. ఆహారభద్రతా చట్టం చౌకధరల దుకాణాల ద్వారానే పంపిణీ జరగాలంటున్నదనీ, ధాన్యం దారి మళ్లే ప్రమాదం ఉన్నదనీ కేంద్రం వాదం. 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. కేజ్రీవాల్‌ది ప్రచారపు ఎత్తుగడ కాదని నేననను. పిజ్జా మాట జనం నోట నానుతుందని తెలిసే అన్నారు. కేంద్రం వాదంలో పస లేకపోలేదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 9,260 వాహనాలతో మొదలైన ఇంటింటి పంపిణీ, ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి తిరిగి దుకాణాల బాట పట్టింది. అయినా ప్రశ్న ప్రశ్నగానే ఉన్నది. అర్ధగంటలో పిజ్జా అందుకునేవాడి కాలం విలువైనది. అయిదు కిలోల గోధుమల కోసం కూలి మానుకుని వరుసలో నిలబడే స్త్రీ కాలానికి విలువ లేదని ఏ చట్టంలో రాసి ఉన్నది?

ఇక మోసేవాడి సంగతి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ, దక్షిణ ఢిల్లీలో పిజ్జాలు చేరవేసే ఒక యువకునికి కరోనా సోకినట్లు తేలింది. అధికారులు 72 కుటుంబాలను ఇళ్లలోనే నిర్బంధించారు. మర్నాడు నగరమంతా ఆ 72 కుటుంబాల క్షేమం గురించే మాట్లాడుకున్నది. అందరినీ ఇల్లు కదలవద్దన్న రోజులలో అతడిని ఇల్లిల్లూ తిప్పినది ఎవరి ఆకలి అని అడిగినవారు తక్కువ. ఇటువంటి కార్మికులను తొలిసారి పేరు పెట్టి గుర్తించిన సామాజిక భద్రతా కోడ్‌ను పార్లమెంటు ఆ ఏడాదే ఆమోదించింది. అమలులోకి రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అర్ధగంట వాగ్దానం వారికి ఎవరూ చేయలేదు మరి.

మేనకోడలికి ఆ ఇరుకు సందులోని దుకాణం చిరునామా రాసి పంపాను. అట్టపెట్టెలో ఇరవై నిమిషాలుంటే ఆవిరికి మెత్తబడి, ఎంత మేలైన పిజ్జా అయినా తడిసిన రొట్టె అవుతుందనీ, ఇంటికి తెప్పించుకోక అక్కడే కూర్చుని తినమనీ రాశాను. “అంత ధరా, మామయ్యా?” అని వెంటనే జవాబు వచ్చింది. వచ్చే ఆదివారం ఇద్దరం కమలా నగర్ బండి దగ్గరకు పోవాలని నిశ్చయించుకున్నాం.