1866 అని రాసి ఉంటే 1866 అయిపోతుందా?

పోయిన సెమిస్టర్‌లో ఓ రాత్రి పదకొండు దాటాక మా రూమ్మేట్ ఫోన్‌కి నాలుగు ఫోటోలు వచ్చాయి. పంపింది డల్లాస్‌లో ఉండే వాళ్ళ బాబాయ్. అక్కడెవరో పెద్దాయన పోతే ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారట. అందులో ఒక పాత వించెస్టర్ లీవర్ యాక్షన్ రైఫిల్. పక్కలంతా పూలతీగలు, మధ్యలో జింక, అచ్చం అమ్మమ్మల కాలం నాటి కుంకుమ భరిణెలా ఉంది. "బారెల్ మీద 1866 అని ఉందిరా. నగిషీ కంపెనీలోనే చేసిందంటున్నాడు, రేటు కూడా అలాగే చెప్తున్నాడు. నువ్వు మెకానికలే కదా, కాస్త చూసి చెప్పు" అని మెసేజ్.

మెకానికల్ చదివితే తుపాకులు కూడా తెలుస్తాయని బాబాయ్‌ల నమ్మకం. మనకి తెలిసింది సినిమాల్లో కౌబాయ్ గుర్రం మీద నుంచి కాల్చడం వరకే. అయినా రాత్రి రెండింటి దాకా కూర్చున్నాం. ఆ రాత్రి నేర్చుకున్నదే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఒక పాత వస్తువు వయసు తేల్చేటప్పుడు అన్నిటికంటే అందంగా ఉన్న ఆధారాన్ని అన్నిటికంటే చివర నమ్మాలి.

ముందు ఆ 1866 సంగతి. బెంజమిన్ టైలర్ హెన్రీ అనే ఆయన రైఫిల్‌కి పేటెంట్ వచ్చింది 1860 అక్టోబర్ 16న. దానికి నెల్సన్ కింగ్ ఒక మార్పు చేశాడు. తూటాలు పక్కనున్న చిన్న తలుపులోంచి ఎక్కించేలా చేశాడు. దాని పేటెంట్ తేదీగా బారెల్ మీద కొట్టింది 1866 మార్చి 29. ఈ రెండు తేదీలనూ వించెస్టర్ కంపెనీ తన బారెళ్ళ మీద ఏళ్ళ తరబడి కొట్టింది. అంటే అది పేటెంట్ పుట్టినరోజు, తుపాకీది కాదు. కాలేజీ బస్సు మీద "స్థాపితం 1998" అని ఉంటే బస్సు 1998లో కొన్నట్టా?

ట్రిగ్గర్ వెనక పైపట్టీ మీద చూస్తే "మోడల్ 1873" అని ఉంది. సరే, 1873 కంటే ముందుది కాదని తేలింది. కానీ 1873లోనే చేశారనీ కాదు. ఆ మోడల్ ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా వచ్చింది, మొత్తం ఏడు లక్షల పైచిలుకు చేశారు. ఇక్కడ పనికొచ్చింది పైన జరిగే డస్ట్ కవర్. మొదటి రకంలో అది ఫ్రేమ్‌లోనే చెక్కిన గాడుల్లో జరుగుతుంది. రెండో రకంలో విడిగా ఒక పట్టా చేసి స్క్రూలతో బిగించారు. మూడో రకంలో ఆ పట్టా ఫ్రేమ్‌లో భాగంగానే మిల్లింగ్ చేసి వచ్చింది. బాబాయ్ ఫోటోలో స్క్రూలు లేవు, పట్టా ఫ్రేమ్‌తో కలిసే ఉంది. అంటే మూడో రకం, 1880ల తర్వాతి మాట. డిజైన్ మార్పే తేదీ చెప్పేస్తుంటే నాకైతే ఒళ్ళు పులకరించింది. మన ప్రొడక్షన్ క్లాసులో ఇలాంటి ఒక్క ఉదాహరణ చెప్పుంటే నేను వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి కాదు.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. 1966లో వించెస్టర్ తన వందేళ్ళ పండగకి బంగారు పూత ఫ్రేమ్‌తో "66" పేరిట ఒక రైఫిల్ వదిలింది. లోపల ఉన్నది 94 మోడలే. మెరుపు చూసి "తాతల నాటిది" అనుకునేవాళ్ళకి లోటేం లేదు.

ఇక నగిషీ. వించెస్టర్‌లో ఉల్రిచ్ కుటుంబం వాళ్ళ చెక్కడాలకి పెద్ద పేరు. న్యూయార్క్‌లో నిమ్‌ష్కే అనే కళాకారుడు తను చెక్కిన వాటి అచ్చులు ఒక పుస్తకంలో దాచుకున్నాడు, ఇప్పటికీ వాటితో పోల్చి చూస్తారు. పేరుంటే డబ్బు, డబ్బుంటే దొంగ సంతకం. అందుకే సంతకం కాదు, లోహాన్ని చూడాలి. చేత్తో ఉలి పెట్టి తీసిన గీత అడుగు నున్నగా మెరుస్తుంది, లోతు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటుంది. యాసిడ్‌తో తిన్న గీత అడుగు గరుకుగా, చదునుగా ఉంటుంది. ఫ్రేమ్‌ని కేస్ హార్డెనింగ్ చేశారంటే చెక్కడం అంతకుముందే జరగాలి, తర్వాత ఉలి దిగడమే కష్టం.

బాబాయ్ ఫోటోని పెద్దది చేసి చూస్తే జింక కాలి దగ్గర నాలుగు పాత తుప్పు గుంటలున్నాయి. నగిషీ ముందు, తుప్పు తర్వాత అయితే తుప్పు గీతని తినెయ్యాలి. కానీ గీత తాజాగా గుంట అడుగు దాకా దిగింది. అంటే తుప్పు ముందు, జింక తర్వాత. తీగలు మాత్రం గట్టిగా చెప్పలేకపోయాం, ఫోటోతో అయ్యే పని కాదు.

"బాగుంది కదా, ఎప్పుడు చెక్కితే ఏంటి?" అన్నాడు మా ఫ్లోర్‌లో ఒకడు. బాగుంటే బాగుందని కొనుక్కోవచ్చు, తప్పులేదు. కానీ అమ్మేవాడు అడిగింది అందానికి కాదు, చరిత్రకి. పైగా అమెరికా చట్టంలో 1898 లోపు తయారైనది "యాంటిక్", ఆ తర్వాతది మామూలు తుపాకీ. ఒక్క ఏడాది తేడాతో రూల్స్ మారిపోతాయి.

చివరి మాట ఎవరిది? గుమాస్తాది. కింది పట్టీ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. వ్యోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో కంపెనీ పాత రిజిస్టర్లున్నాయి. నంబరిస్తే, ఆ పేజీ మిగిలుంటే, ఏ రోజు గోడౌన్ దాటిందో, ప్రత్యేకంగా చెక్కించారో లేదో చూసి చెప్తారు.

2014 నవంబర్‌లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌లో ఒక జునిపర్ చెట్టుకి ఆనించి ఉన్న 1873 మోడల్ రైఫిల్ దొరికింది. కట్టె ఎండి బూడిద రంగుకొచ్చింది, మడమ మట్టిలో కూరుకుపోయింది. రిజిస్టర్ చూస్తే 1882లో పంపినట్టు ఉంది. కొన్నదెవరో లేదు. ఎక్స్‌రే తీస్తే మడమలో ఒక తూటా కనిపించింది, అది 1887కీ 1911కీ మధ్య తయారైన రకం. అంటే ఎవరో దాన్ని చెట్టుకి ఆనించింది 1887కి ముందు మాత్రం కాదు. ఆ తుప్పుని ఎవరూ గీకలేదు, పాలిష్ పెట్టలేదు. ఉన్నదున్నట్టు నిలిపారు. పాలిష్ పెట్టుంటే నిగనిగలాడేది, అంతే.

ఇదంతా చదివాక నాకు గుచ్చుకున్నది వేరే. 1882లో ఒక గుమాస్తా, ఎవరూ చూడని రోజున, ఒక నంబరు పక్కన నిజమైన తేదీ రాశాడు. నూట ముప్పై ఏళ్ళ తర్వాత అది పనికొచ్చింది. మరి మనం? ల్యాబ్ రికార్డులో రీడింగ్ సీనియర్ రికార్డులోంచి, గ్రాఫ్ పక్కవాడిది. నేనూ రాశాను. టెన్సైల్ టెస్ట్ రోజు మెషిన్ ఆగిపోతే కూడా నా రికార్డులో గీత నిటారుగా, అందంగా వచ్చింది. మంచి మార్కులే పడ్డాయి. అది కూడా తుప్పు మీద చెక్కిన జింకే కదా.

బాబాయ్ మర్నాడు మళ్ళీ వెళ్ళి సీరియల్ నంబర్ అడిగారు. పాలిష్‌లో అరిగిపోయింది, సగం అంకెలే కనిపిస్తున్నాయి అన్నారట. కొనకుండా వచ్చేశారు.

ఈ సెమిస్టర్ నా రికార్డులో రెండు ప్రయోగాల దగ్గర "రీడింగ్ రాలేదు, మెషిన్ పని చెయ్యలేదు" అని రాశాను. మార్కులు ఎలా వేస్తారో చూడాలి.