లెక్కపెట్టేవాళ్లూ, చూసేవాళ్లూ

గోల్కొండను దుగ్మంతుడనే రాజా ఏలాడని ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. అయినా ఆయన 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొలువు తీరాడు. లండన్, పారిస్, న్యూయార్క్ వేదికల మీద ఇప్పటికీ తీరుతూనే ఉన్నాడు. మారియస్ పెటిపా కూర్చిన ‘లా బయదేర్’ బ్యాలేలో పాత్ర అది. గుడిలో నాట్యం చేసే నికియా, సోలోర్ అనే యోధుడు ప్రేమించుకుంటారు. రాజాగారేమో అతణ్ని తన అల్లుణ్ని చేసుకోవాలంటాడు. పూలబుట్టలోంచి పాము వస్తుంది, నికియా ప్రాణం పోతుంది. పెటిపా మన దేశంలో ఎన్నడూ కాలు పెట్టలేదు. ఆ వేషాలూ, ఆ దణ్ణాలూ, ఆ ఫకీరు గెంతులూ చూస్తే హైదరాబాదు వాడికి నవ్వు ఆగదు. గోల్కొండ ప్రభువు ఆటకు మురిసిపోవడమొక్కటే మనకు కాస్త తెలిసిన సంగతి. తానీషా కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి ఆ ఊరిని వాళ్లకే రాసిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు కదా.

మరి ఇంత నాసిరకం కథను బ్యాలే పిచ్చి పట్టినవాళ్లు ఒకే సీజన్‌లో నాలుగైదుసార్లు డబ్బిచ్చి ఎందుకు చూస్తారు?

నికియా పోయాక వచ్చే ‘నీడల’ ఘట్టం కోసం. సోలోర్ నల్లమందు మత్తులో కలగంటాడు. చీకట్లో ఏటవాలు దారి. తెల్లటి దుస్తుల్లో ఒక అమ్మాయి వస్తుంది. ఒంటికాలి మీద నిలిచి, రెండో కాలు వెనక్కి చాచి ముందుకు సాగుతుంది, తర్వాత నిటారుగా లేచి విల్లులా వెనక్కి వాలుతుంది, రెండడుగులు వేస్తుంది. ఆమె వెనక ఇంకో అమ్మాయి, అదే కదలిక. ఆ వెనక ఇంకొకరు. లండన్ రాయల్ బ్యాలేలో 24 మంది, సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్స్కీలో 32 మంది. అందరికంటే ముందు దిగిన అమ్మాయి అదే భంగిమను ముప్పై సార్లకు పైనే పట్టాలి. పదోసారికి చూసేవాడికి విసుగు పుడుతుంది, పదిహేనోసారికి అది పోతుంది, ఇరవయ్యోసారికి హాల్లో దగ్గు కూడా వినపడదు. వీళ్లలో ఎవరి పేరూ పోస్టరు మీద ఉండదు. ఒక్క మడమ వణికితే మాత్రం చిట్టచివరి వరసలో కూర్చున్నవాడికీ తెలిసిపోతుంది.

ఆ చిట్టచివరి వరస గురించి ఒక మాట. మన సినిమా హాళ్లలో చవక టికెట్ నేల మీద ఉండేది. రాయల్ బ్యాలే ఆడే లండన్ కోవెంట్ గార్డెన్‌లో అది ఆకాశంలో ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు పై గ్యాలరీని దేవుళ్ల చోటు అంటారు, ఫ్రెంచివాళ్లు ఏకంగా స్వర్గమే అంటారు. అసలు రసికులు కూర్చునేది అక్కడే. ఆ వేదిక మీదే 1962 ఫిబ్రవరి 21న ‘జిజెల్’ బ్యాలేలో నర్తకి మార్గోట్ ఫాంటేన్ పక్కన నర్తకుడు రుడాల్ఫ్ నురేయేవ్ మొదటిసారి కనిపించాడు. ఆమెకు 42 ఏళ్లు, అతనికి 23. ఆ తర్వాత ఈ జంట టికెట్ల కోసం జనం రాత్రిళ్లు వీధిలోనే పడుకున్నారు. 1964లో వియన్నాలో వీళ్లు ‘స్వాన్ లేక్’ ఆడితే తెర 89 సార్లు లేపాల్సి వచ్చిందన్నది గిన్నిస్ పుస్తకంలోకెక్కిన లెక్క. అంతకు ముందరి శతాబ్దంలో రష్యన్ అభిమానులు మేరీ టాలియోని నాట్యపు బూట్లను వండించుకుని తిన్నారని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, నమ్మబుద్ధేసే కథే.

తెలుగువాళ్లకు ఈ పిచ్చిని విడమరిచి చెప్పనక్కర్లేదు. రాయబారం కథ ఏమవుతుందో తెలియక ఎవరూ తెల్లవార్లూ నాటకం చూడలేదు. ఇవాళ కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తా, షణ్ముఖి ఆంజనేయరాజా అన్నదే ప్రశ్న. పద్యం అందరికీ నోటికొచ్చు కాబట్టే రాగం ఎక్కడ తిప్పాడో, ఎక్కడ దాటేశాడో పట్టుకుని ‘వన్స్ మోర్’ అని అరిచారు. బ్యాలే అభిమాని చూపు కూడా అలాంటిదే. కథ తెలిసిపోయింది కాబట్టి మనిషి కనబడుతుంది. ‘జిజెల్’లో మోసపోయిన పల్లెపిల్లకు మతి చలించే ఘట్టాన్ని అలీనా కొజొకారులో చూసినవాడు, అదే వేదిక మీద నటాలియా ఒసిపోవా ఎలా చేస్తుందో చూడాలని మళ్లీ వెళతాడు. కొజొకారును ఈ పాత్ర చేసిన తర్వాతే, 2001లో, పందొమ్మిదేళ్లకే రాయల్ బ్యాలే ప్రధాన నర్తకిగా ప్రకటించింది. ఒసిపోవా బొల్షోయ్‌లో పెరిగిన నర్తకి. ఆమె గాలిలోకి లేస్తే నేల గుర్తుకు రావడానికి కొంచెం సమయం పడుతుంది. ఇద్దరివీ ఒకే అడుగులు, ఒకే సంగీతం. చచ్చిపోయే పిల్లలు మాత్రం ఇద్దరూ వేరు.

ఈ చూపుకు ఈ మధ్య ఒక జబ్బు పట్టింది: లెక్క. ‘స్వాన్ లేక్’లో మాయలాడి ఒడీల్ ఒంటికాలి మునివేళ్ల మీద, రెండో కాలిని కొరడాలా ఝళిపిస్తూ 32 చుట్లు తిరగాలి. 1895లో ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ తిరిగి చూపించింది, అప్పటినుంచి అది పరీక్షయి కూర్చుంది. 2018లో సింగపూర్‌లో అమెరికన్ బ్యాలే థియేటర్ నర్తకి మిస్టీ కోప్‌లాండ్ ఆ చుట్లు పూర్తి చెయ్యలేక వేరే తిరుగుళ్లతో ఘట్టాన్ని ముగించింది. ఎవరో ఫోన్లో తీసిన ముక్క లోకమంతా తిరిగింది. మిగతా రెండు గంటల్లో ఆమె ఏం చేసిందో ఆ ముక్కలో లేదు. అదే ప్రదర్శనలో తెల్ల హంసగా ఆమె చేతులెలా ఉన్నాయో అడిగినవాళ్లూ తక్కువే. ఆమె ఆ విమర్శను తనే అందరి ముందూ పెట్టి మర్యాదగా జవాబిచ్చింది. నిజానికి ఆమె జవాబు చెప్పాల్సిన పనే లేదు. ఇరవయ్యో శతాబ్దపు మహా హంస అనిపించుకున్న మాయా ప్లిసెట్స్‌కాయా కూడా ఆ 32 చుట్ల చోట వేదిక చుట్టూ తిరిగే ఇంకో వరసను పెట్టుకునేది. మాస్కో జనం ఆమె చేతులు చూశారు. ఎముకల్లేని అలల్లాంటి ఆ చేతుల ముందు అంకెలెవరికి గుర్తుంటాయి?

లెక్కలవాళ్లను మరీ ఆడిపోసుకోవడమూ న్యాయం కాదు. ప్రమాదం లేకపోతే ప్రత్యక్ష ప్రదర్శనలో సగం ఉప్పు పోతుంది. ‘స్లీపింగ్ బ్యూటీ’లో పదహారేళ్ల అరోరా ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి ఉండగా నలుగురు రాకుమారులు వరసగా ఆమె చెయ్యందుకుంటారు. ఒకరు వదిలాక ఇంకొకరు పట్టేలోపు ఆమెకు ఆధారమేమీ ఉండదు. ఆ క్షణాన హాలంతా ఊపిరి బిగబడుతుంది. యుద్ధకాలంలో జనం జోడీలు కట్టి చిందులేసే హాలుగా మారిన కోవెంట్ గార్డెన్‌ను 1946 ఫిబ్రవరి 20న మళ్లీ తెరిచింది ఈ బ్యాలేతోనే, ఫాంటేన్ అరోరాగా. పడిపోతుందేమోనన్న భయం, పడకూడదన్న ప్రార్థన, రెండూ టికెట్‌తో పాటే వస్తాయి.

ఇప్పుడు రాయల్ బ్యాలే ప్రదర్శనలు సినిమా హాళ్లకు నేరుగా ప్రసారమవుతున్నాయి. లండన్‌కు ఎన్నడూ పోలేనివాళ్లకు అది వరమే, కాదనకూడదు. కానీ తెర మీద ఎటు చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. జిజెల్ ముఖం దగ్గరగా కనిపించే ఆ నిమిషంలోనే, వెనక తల్లి బెర్తా ఏం చేస్తోందో చూడాలనుకునేవాడికి దారి లేదు. శబ్దం సంగతీ అంతే. ‘జిజెల్’ రెండో అంకంలో పెళ్లికి ముందే చనిపోయిన కన్నెల ఆత్మలు రెండు బారులుగా ఒకరి మధ్యలోంచి ఒకరు ఒంటికాలిపై గెంతుతూ దాటుకుపోతాయి. కంటికి పొగమంచు, చెవికి మాత్రం టకటకమని గట్టి బూట్ల చప్పుడు. మన నాట్యంలో పాదం మోగాలి, అందుకే గజ్జె కడతారు. బ్యాలేలో పాదం మోగకూడదు. అందుకని నర్తకులు కొత్త బూట్లను మెట్లకేసి బాది మెత్తబరుస్తారు, అయినా మోగుతాయి. ఆ చప్పుడు వినబడినప్పుడే వాళ్లు ఆత్మలు కారనీ, చెమటోడుస్తున్న అమ్మాయిలనీ తెలుస్తుంది. కొత్తవాళ్లకు అది లోపంలా తోస్తుంది. పాతవాళ్లు దాని కోసమే చెవి పెడతారు.

మళ్లీ గోల్కొండకే వద్దాం. 1961లో లెనిన్‌గ్రాడ్ బృందంతో పారిస్ వచ్చిన 23 ఏళ్ల నురేయేవ్ అక్కడ మొదట ఆడింది సోలోర్ పాత్రే, ఆ నీడల ఘట్టంలోనే. నెల తిరక్కుండా విమానాశ్రయంలో సోవియట్ కాపలా తప్పించుకుని పడమటి దేశాల్లో ఉండిపోయాడు. 1992 అక్టోబరు 8న పారిస్ ఆపెరాలో ‘లా బయదేర్’ను మొత్తంగా తనే కూర్చి వేదికెక్కించాడు. అప్పటికే ఎయిడ్స్ అతణ్ని తినేసింది. ప్రదర్శన ముగిసి తెర మళ్లీ లేచినప్పుడు సొంత కాళ్ల మీద నిలవలేక, అటూ ఇటూ నర్తకులు పట్టుకుంటే వేదిక మీదికి వచ్చాడు. హాలంతా లేచి నిలబడింది. ఆ రాత్రి పై వరసల్లో, 1961లో అతను గాల్లోకి లేచింది చూసినవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు. మూడు నెలలకు, 1993 జనవరి 6న, అతను పోయాడు. పారిస్‌లో ఆ బ్యాలేను ఇప్పటికీ అతను కూర్చిన తీరులోనే ఆడుతున్నారు. ప్రతిసారీ ఎవరో ఒక కొత్త కుర్రాడు సోలోర్ అవుతాడు, పాతవాళ్లు అద్దాలు తుడుచుకుని ముందుకు వంగుతారు.