సర్టిఫికెట్టు గోడకి, తిట్లు నర్సుకి

మా నాన్నకి షుగరు. రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేర్చాం. ఒక సాయంత్రం డ్యూటీ మారే వేళ, ఇన్సులిన్ రెండుసార్లు పడింది. దిగిపోయే నర్సు ఇచ్చింది కానీ చార్టులో రాయలేదు. కొత్తగా ఎక్కిన అమ్మాయి ఖాళీ గడి చూసి మళ్ళీ ఇచ్చింది. నాన్నకి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు... గ్లూకోజు ఎక్కించి గట్టెక్కించారనుకోండి. నేను మాత్రం వార్డు దద్దరిల్లేలా అరిచి, కాగితం మీద కంప్లెయింటు కూడా రాసిచ్చాను. మర్నాడు ఆ రెండో అమ్మాయి కనపడలేదు. "తీసేశాం సార్" అన్నాడు ఫ్లోర్ మేనేజరు, బిల్లులో డిస్కౌంటు ఇచ్చినంత మర్యాదగా. నేను తృప్తిగా తలూపాను.

చార్టుని నమ్మిన పిల్లని తీసేశారు. చార్టు మాత్రం అలాగే ఉంది!

సరిగ్గా నెల తిరక్కుండా ఆఫీసులో నేను టెస్ట్ స్క్రిప్టుని ప్రొడక్షన్ డేటాబేసు మీద నడిపేశాను. 40 నిమిషాలు సైటు డౌను. నన్నెవరూ తియ్యలేదు. రెండు విండోలూ ఒకే రంగులో ఎందుకున్నాయి, ప్రొడక్షన్లో రాసే పర్మిషన్ వీడికెందుకుంది అని అడిగి, రెండూ మార్చారు. ఏసీ గదిలో కూర్చునే నాకో న్యాయం, రాత్రంతా నిలబడే ఆ పిల్లకో న్యాయమా?

మన ఆసుపత్రుల్లో క్వాలిటీ అంటే రిసెప్షన్లో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు. ఈ విద్య మనకి తెలియనిదా? సీఎంఎం లెవెల్ 5 ఆడిట్ ముందురోజు రాత్రి కూర్చుని ఆర్నెల్ల రివ్యూ డాక్యుమెంట్లు పుట్టించిన జాతి మనది.

అసలు ఓనమాలు మూడే ప్రశ్నలు. ఏం సాధిద్దామని? మార్పు మేలే చేసిందని ఎలా తెలుస్తుంది? ఏ మార్పు చేసి చూద్దాం? నాన్న కేసులో చూడండి. డ్యూటీ మారేటప్పుడు మందు రెండుసార్లు పడకూడదు, అది లక్ష్యం. ఆ వేళకి ఖాళీగా ఉన్న గడులు రోజూ లెక్కపెట్టాలి, అది కొలత. దిగే నర్సూ ఎక్కే నర్సూ మంచం పక్కనే నిలబడి చార్టు కలిసి చదవాలి, అది మార్పు. ఇవాళ ఒక్క మంచం దగ్గర చేసి చూడండి, కుదరకపోతే రేపు సరిదిద్దండి. 1920ల్లో బెల్ ల్యాబ్స్‌లో షూహార్ట్ ఫ్యాక్టరీ సరుకు కోసం మొదలెట్టిన ఆలోచన, డెమింగ్ చేతిలో పెరిగింది. మన స్ప్రింటులూ రెట్రోలూ దాని మనవలే.

"మన దగ్గర స్టాఫ్ తక్కువ, ఇవన్నీ అమెరికా కబుర్లు" అంటారు. సర్జరీకి ముందూ వెనకా చదివే 19 అంశాల చెక్‌లిస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 ఊళ్ళలో పరీక్షిస్తే, అందులో ఢిల్లీ ఉంది, టాంజానియాలో ఒక చిన్న ఊరూ ఉంది. 2009లో వచ్చిన లెక్క: మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. అయితే ఇంకో ముక్క కూడా చెప్పాలి. కెనడాలోని ఒంటారియోలో అలాంటి చెక్‌లిస్టే పెట్టుకోమని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. 101 ఆసుపత్రుల లెక్క 2014లో వచ్చింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం దాదాపు అదే. పైనుంచి ఆర్డరేస్తే జనం టిక్కులు పెడతారు, అంతే. టైమ్‌షీట్లు నింపే మనకి ఇది వేరే చెప్పాలా?

మిషిగన్‌లో నూటికి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రొనోవోస్ట్ బృందం రాసింది. చేతులు కడుక్కోవడం లాంటి ఐదు మామూలు పనులే. కానీ డాక్టరు ఒకటి వదిలేస్తే ఆపే అధికారం అక్కడ నర్సుకిచ్చారు. ఆ ఒక్కటీ మన దగ్గర ఊహించండి.

తాగొచ్చి ఆపరేషన్ చేసేవాణ్ణి జైల్లో పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాట్లాడేది ఖాళీ గడి గురించి.

కిందటి నెల నాన్నని మళ్ళీ అక్కడే చేర్చాల్సొచ్చింది. సాయంత్రం డ్యూటీకొచ్చిన నర్సుని, "చార్టు మీకు ఎవరు అప్పజెప్తారమ్మా?" అని నెమ్మదిగానే అడిగాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"ఏమన్నా తప్పు జరిగిందా సార్? నేను ఇప్పుడే వచ్చాను సార్."