పాలాయన బండి చూశారా?

టూరింగ్ బండి ఇంటికొచ్చిన నెలలోపు దాదాపు అందరం చేసే పని ఒకటుంది. రాత్రి అన్నం తిన్నాక ఫోను పట్టుకుని పెట్టెలు వెతకడం. ఈ పక్కన ఒక అల్యూమినియం పెట్టె, ఆ పక్కన ఇంకోటి, వెనకాల టాప్ బాక్స్, ట్యాంకు మీద ఓ బ్యాగు. ఫొటోలో బండి అప్పుడే లద్దాఖ్ వెళ్లొచ్చినట్టు ఉంటుంది. ధర చూస్తాం, రంగు చూస్తాం, ఎన్ని లీటర్లు పడతాయో చూస్తాం. బరువెంతో మాత్రం చూడం. ఆ వివరం పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు.

నన్నడిగితే పెట్టెలు కొనేముందు ఒకసారి పొద్దున్నే పాలు పోసే ఆయన బండి దగ్గర నిలబడి చూడండి. వెనక చక్రానికి రెండు వైపులా ఇనప చట్రం. దానికి క్యాన్లు వీలైనంత కిందికి వేలాడుతుంటాయి. ఈ వైపు ఎంత బరువో ఆ వైపూ అంతే. మా వీధికొచ్చే ఆయన ఒక క్యాను సగం అయ్యేసరికి రెండోదాని మూత తీస్తాడు. ఎందుకని అడిగితే "ఒక పక్కే ఖాళీ చేస్తే బండి గుంజుద్ది సార్" అన్నాడు. లగేజీ గురించి తెలుసుకోవాల్సిందాంట్లో సగం ఆ ఒక్క ముక్కలో ఉంది.

మిగతా సగం మా పిన్ని కొడుకు బండి చూస్తే అర్థమవుతుంది. మొన్న చలికాలంలో వాడు, మరదలు కలిసి హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లారు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపులు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకి తెలుసు. తిరిగొచ్చాక మరదలు నాతో, "బావగారూ, ఈసారి నేను బస్సులో వస్తానని ఆయనకి చెప్పండి. మలుపు తిరిగినప్పుడల్లా వెనకనుంచి ఎవరో పట్టి ఊపుతున్నట్టే ఉంది" అంది. వాడేమో "రోడ్డు బాలేదన్నయ్యా" అని తేల్చేశాడు. మిగతా బైకులన్నీ ఆ రోడ్డు మీదే కదరా పోయింది!

ఆదివారం బండి మా గుమ్మం ముందు పెట్టించి, ట్రిప్పుకి ఎలా సర్దావో అలాగే సర్దు అన్నాను. తర్వాత ఒక్కొక్కటీ దింపి ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పెట్టాం. చట్రాలు, ఖాళీ పెట్టెలు కలిపితేనే 17 కిలోలు. అంటే ఒక్క చొక్కా కూడా పెట్టకముందే ఓ చిన్న పిల్లాడిని ఎక్కించినంత. టాప్ బాక్సులో సామాను 12 కిలోలు: పనిముట్లు, నీళ్ల సీసాలు, కెమెరా, పంప్. ఎడమ పెట్టెలో 9, కుడి పెట్టెలో 4.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. టాప్ బాక్స్ వెనక చక్రం ఇరుసు మీద ఉండదు, ఇరుసు దాటి వెనక్కి వేలాడుతుంది. ఈ తరహా బండ్లకి రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం సుమారు 145 సెంటీమీటర్లు. ఇరుసుకి 30 సెంటీమీటర్లు వెనక 12 కిలోలు పెడితే వెనక చక్రం మీద పడేది 12 కాదు, దాదాపు 14న్నర. ఆ అదనపు రెండున్నర కిలోలు ముందు చక్రం మీంచి లేచిపోయినవి. పిల్లలు ఎక్కే తూగుడు బల్ల లాంటిదే. రెండున్నరేగా అనుకోకండి. దానికి పెట్టె సొంత బరువు కలపండి. వెనక కూర్చున్న మనిషి బరువు కూడా ఇంచుమించు మొత్తం వెనక చక్రానిదే. ముందు చక్రం తేలికైతే హ్యాండిల్ తేలిపోతుంది. బరువు ఎత్తులో ఉంటే ఊపు ఎక్కువ. పైగా వాడి రాక్‌కి ఒక బోల్టు వదులై ఉంది. ఆ ఊపు ముందు తెలిసేది నడిపేవాడికి కాదు, వెనక కూర్చున్న మనిషికి.

కొత్తది ఏదీ కొనలేదు. పనిముట్లు, నీళ్లు, పంప్ పక్క పెట్టెల అడుగుకి, అదీ సీటు వైపు మూలకి జరిపాం. కెమెరా ట్యాంక్ బ్యాగులోకి వెళ్లింది. టాప్ బాక్సులో రెయిన్‌కోట్లు, స్వెట్టర్లు, అంతే. రెండు వైపులా బరువు సమానం చేశాం. సైలెన్సర్ ఉన్న వైపు పెట్టె కాస్త బయటికి ఉంటుంది కాబట్టి అటు ఓ అరకిలో తక్కువున్నా పర్లేదు. వెనక సస్పెన్షన్ ఇంకా ఒంటరిగా తిరిగే సెట్టింగులోనే ఉంది. టూల్‌కిట్‌లో వచ్చే కొక్కెం లాంటి స్పానర్‌తో రెండు మెట్లు బిగించాం. వెనక టైరులో గాలి ఇద్దరికి ఎంత ఉండాలో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, అంత పెట్టాం. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మరదలు ఆ తర్వాత మళ్లీ వెళ్లింది. ఈసారి కంప్లయింట్ సీటు గట్టిగా ఉందని. అది వేరే వారం మాట్లాడుకుందాం.

బండి మోయగలిగే బరువుకి హద్దుంది. యజమాని పుస్తకంలో గరిష్ఠ బరువు, ఖాళీ బండి బరువు రెండూ ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మీకు మిగిలేది. అది 180 అనుకుందాం. మీరు 75, వెనక మనిషి 60, హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు ఓ 12. ఇంక 33 కిలోలే. వాటిలో పెట్టెలూ చట్రాలే 17 తినేస్తే బట్టలకీ సామానుకీ కలిపి 16. అందుకే మూడు నాలుగు రోజుల ట్రిప్పులకి నా ఓటు గుడ్డ బ్యాగులకే. బండి పడ్డా కాలు మీద అల్యూమినియం అంచు పడదు. తాళం లేదన్నది నిజమే, దాబా దగ్గర బండి కనబడేలా కూర్చోవాలి. ఒక్క జాగ్రత్త: కడుతూనే సైలెన్సర్‌కి తగలడం లేదని చూసుకోండి. వేడికి బ్యాగు కరిగి అతుక్కుపోతుంది.

కట్టడానికి కొక్కేల రబ్బరు తాళ్లు వాడేవాళ్లని చూస్తే నాకు భయం. సాగదీసిన కొక్కెం జారితే నేరుగా కంటికే వస్తుంది. బకిల్ ఉన్న పట్టీలు వాడండి. లేదా పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్కలు కోయించుకోండి, జారవు, ఖర్చూ ఉండదు. మిగిలిన కొసలు మాత్రం లోపలికి దోపాలి. చైన్‌లోకి వెళ్లిన కొస చక్రాన్ని పట్టేస్తుంది.

చట్రం బిగించాక మొదటి 100 కిలోమీటర్లకే ఓసారి బోల్టులన్నీ చూడాలి. నైలాన్ రింగు ఉన్న నట్లు వేయించుకోండి. బిగించాక బోల్టు మీంచి చట్రం మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత పక్కకి జరిగితే బోల్టు తిరిగినట్టే. స్పానర్ తియ్యక్కర్లేదు, టీ తాగుతూ చూసుకోవచ్చు.

లగేజీ ఎక్కాక బండి అలవాట్లు కూడా మారతాయి. వెనక భాగం కిందికి కూర్చుంటుంది కాబట్టి హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. రాత్రి ఎదురొచ్చేవాళ్లంతా మీకు డిప్పర్ కొడుతుంటే కారణం అదే. చైన్ కూడా ఇంకా బిగుసుకుంటుంది, అందుకే ఖాళీ బండికి చైన్ బిగుతుగా పెట్టించొద్దు. మాన్యువల్ చెప్పినంత వదులు ఉంచండి. బండి కుంగడంతో సైడ్ స్టాండ్ పొడుగైనట్టవుతుంది, బండి నిటారుగా నిలబడుతుంది. కాస్త వాలు నేల అయితే అవతలి వైపు పడిపోవచ్చు. మొదటి గేరులో ఆపండి. మట్టి అయితే స్టాండ్ కింద పెట్టడానికి ఓ చదును రేకు ముక్క బ్యాగులో ఉంచుకోండి.

ఫోన్ చార్జర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపించుకోకండి. తాళం తీశాక కూడా కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. వారం తర్వాత సెల్ఫ్ కొడితే టిక్కుమంటుంది, అంతే. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి, ఫ్యూజు పెట్టించి కలపమనండి.

పంక్చర్ సంగతి. బజార్లో దొరికే పుల్లల కిట్ ట్యూబ్‌లెస్ టైర్లకే పనికొస్తుంది. హిమాలయన్ 411 లాంటి బండ్లవి ట్యూబ్ టైర్లు, ముందు చక్రం 21 అంగుళాలు. దారిలో చిన్న ఊళ్లో 17, 18 అంగుళాల ట్యూబులు దొరుకుతాయి, 21ది మాత్రం దొరకడం కష్టం. అది ఒకటి మీ దగ్గరే ఉండాలి. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి సాయంత్రం పంక్చరైతే ప్లాన్ మొత్తం మారిపోతుంది.

ఇంకొకటి, బయల్దేరేముందు టేపుతో కొలవాల్సింది. పెట్టెల వెడల్పు హ్యాండిల్ వెడల్పు కన్నా తక్కువుంటే మంచిది. టోల్ గేటు దగ్గర ఎడమ పక్కన బైకులకి వదిలిన సందు గుర్తుందిగా? హ్యాండిల్ పట్టింది కదా అని ముందుకెళ్తే వెనకున్న పెట్టె సిమెంటు దిమ్మకి తగులుతుంది.