దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు: వైద్య బీమా బిల్లుల కథ

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. దేవుడి మీదా, పూజారి మీదా మనకు నమ్మకం లేదు గానీ మన దేశపు వైద్య బీమాకు ఇంతకంటే సరిపోయే మాట నాకు దొరకలేదు. పాలసీ కాగితం వరమిస్తుంది. రోగి ఆసుపత్రిలో చేరతాడు, డాక్టరు వైద్యం చేస్తాడు. ఆ తర్వాత బీమా కంపెనీయో, దాని తరఫున బిల్లులు చూసే టీపీఏనో గుమ్మం దగ్గర నిలబడి "ఇంత ఇవ్వం, ఇంతే ఇస్తాం" అంటుంది. ఎందుకని అడిగితే "షరతులు" అంటుంది.

అంకెలు చూద్దాం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదిక ప్రకారం 2023-24లో వైద్య బీమా కంపెనీల ముందుకొచ్చిన క్లెయిముల మొత్తం సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయలు. చెల్లించింది 83 వేల కోట్ల చిల్లర, అంటే 71 శాతం. షరతుల పేరుతో కోసింది 15 వేల కోట్లకు పైగా. పూర్తిగా తిరస్కరించింది ఇంకో 10,900 కోట్లు. ఇందులో ప్రతి రూపాయీ అన్యాయపు కోత అని నేను అనను. ఏది న్యాయమో ఏది అన్యాయమో బయటివాడు తేల్చుకునే దారి లేకపోవడమే నా ఫిర్యాదు.

నేను రక్షణ ఖాతాల శాఖలో ఉద్యోగమంతా బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి. కోత వేయడం తప్పు కాదు, అది మా పనే. కానీ కోతకు ఒక పద్ధతుంది. ఏ నిబంధన కింద కోశామో రాయాలి, కింద సంతకం చేయాలి. బిల్లు పెట్టినవాడికి జవాబిచ్చే హక్కు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కోసిన డబ్బు కోసినవాడి జేబులోకి పోకూడదు. బీమాలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ఒప్పందం రాసేది కంపెనీ, డబ్బు పట్టుకునేది కంపెనీ, బిల్లు పాస్ చేసేది కంపెనీ, కోతతో మిగిలేదీ కంపెనీకే. ఏ ఆడిటరైనా దీన్ని ఒప్పుకుంటాడా?

"ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం లేదు" అనే అభ్యంతరం సంగతి చూడండి. రోగిని ముట్టుకుని చూసిన డాక్టరు చేర్చమంటాడు. ఎక్కడో ఊరవతల కుర్చీలో కూర్చుని నాలుగు స్కాన్ కాగితాలు తిరగేసిన ఇంకొకరు అక్కర్లేదంటారు. ఆయన పేరేమిటో, ఆయన ఏ వైద్యంలో నిపుణుడో చాలాసార్లు తెలియదు. మనిషిని చూడకుండా జాతకం చూసి రోగం చెప్పే జ్యోతిష్కుణ్ణి మనం నిలదీస్తాం కదా, మరి ఈయన్ని నిలదీయొద్దా?

2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ మంచి సర్క్యులరే ఇచ్చింది. నగదు రహిత చికిత్సకు గంటలో అనుమతి, డిశ్చార్జికి మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలంది. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ ఖర్చు కంపెనీ వాటాదారుల నిధి నుంచి భరించాలంది. సంతోషం. కానీ అనుమతి వేరు, డబ్బు వేరు. రోగి ఇంటికెళ్లాక ఆసుపత్రికి రావలసిన సొమ్ములో జరిగే కోతలకు, జాప్యానికి ఆ గడియారం వర్తించదు. పాలసీదారుడైతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 20 పడకల నర్సింగ్ హోము నడిపే డాక్టరు వెళ్లలేడు. కోర్టుకు పోవాలి, లేదా నోరు మూసుకోవాలి.

నోరు మూసుకోలేనివాళ్లు తలుపు మూస్తారు. 2025 ఆగస్టులో ఆసుపత్రుల సంఘం ఏహెచ్‌పీఐ, సెప్టెంబరు 1 నుంచి బజాజ్ అలియాంజ్ పాలసీదారులకు నగదు రహిత సేవలు ఆపమని ఉత్తర భారతంలోని తన సభ్యులకు చెప్పింది. పాత రేట్లు, ఏకపక్ష కోతలు, చెల్లింపుల జాప్యం అని దాని ఆరోపణ. చర్చల తర్వాత వెనక్కి తగ్గింది. మన దగ్గర డబ్బు కట్టాల్సింది కంపెనీ కాదు, సర్కారు. రోగం మాత్రం అదే. సెప్టెంబరులో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు 1,400 కోట్ల బకాయిలున్నాయంటూ ఆరోగ్యశ్రీ ఆపాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 2,700 కోట్లు రావాలంటూ ఎన్టీఆర్ వైద్య సేవ ఆపారు. కొట్లాట ఎవరిదైనా తాళిబొట్టు తాకట్టు పెట్టేది రోగి ఇంట్లోనే.

ఆసుపత్రులు మాత్రం శుద్ధపూసలా అని మీరడగొచ్చు. కావు. బీమా ఉందనగానే బిల్లు ఉబ్బించేవాళ్లు, అక్కర్లేని పరీక్షలు రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఆధారాలతో పట్టుకుని కేసు పెట్టండి. దొంగ ఎవరో తేల్చకుండా అందరి బిల్లుల్లోనూ తలా ఇంత కోయడం తనిఖీ అనిపించుకోదు, అది మామూలు వసూలు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. ఒకటి, ప్రతి కోతకూ షరతు సంఖ్యతో సహా రాతపూర్వక కారణం, వైద్య కారణమైతే నిర్ణయించిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రెండు, వివాదం లేని మొత్తం 30 రోజుల్లో చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అని 2006 చట్టం చెబుతోంది. నట్లూ బోల్టులూ అమ్మేవాడికి ఇచ్చిన ఆ భరోసా ప్రాణం నిలిపేవాడికీ బీమా నిబంధనల్లోనే రాసివ్వండి. మూడు, ఆసుపత్రులూ వెళ్లగలిగే స్వతంత్ర వివాద పరిష్కార వేదిక కావాలి. నాలుగు, ఆసుపత్రులు రేట్లు గోడమీద పెట్టాలి, వివరమైన బిల్లు ఇవ్వాలి. అయిదు, కంపెనీలు ఏ కారణంతో ఎంత కోశాయో ఏటా ప్రకటించాలి.

ఇది హేతువాదుల పనేనా అని మిత్రులు కొందరు సందేహిస్తారు. ముమ్మాటికీ మన పనే. తాయెత్తు విప్పి ఆసుపత్రికి వెళ్లమని ఊరూరా చెప్పేది మనం. మన మాట విని వెళ్లినవాడికి అక్కడ "మీ బీమా ఇక్కడ చెల్లదు" అన్న బోర్డు కనిపిస్తే, వాడు తిరిగి వెళ్లేది బాబా దగ్గరికే. ఆ బాబా షరతులు చదవడు, అనుమతి అడగడు, గుమ్మంలోకి రానిస్తాడు. మూఢనమ్మకంతో మన పోరాటం సగం ఈ బిల్లుల దగ్గరే ఓడిపోతోంది.