ఏడాది దాటితే ఢిల్లీకే ఫైలు.. విదేశంలో పుట్టిన పిల్లల పాస్‌పోర్టుకు అసలు చిక్కు ఎక్కడ?

వేములవాడ జనానికి పౌరసత్వం అంటే ఏంటో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు తేల్చింది. 30 లక్షల రూపాయలు కట్టాలని, అందులో 25 లక్షలు కేసు వేసిన ఆది శ్రీనివాస్‌కు ఇవ్వాలని చెప్పింది. 2009లో మొదలైన వివాదం తేలడానికి 15 ఏళ్లు పట్టింది. ఆ కేసుతో జనానికి ఒక సంగతి బాగా అర్థమైంది. పాస్‌పోర్టు అనేది ప్రయాణానికి ఇచ్చే పుస్తకం మాత్రమే, దాని వెనక ఉండాల్సింది పౌరసత్వం.

పెద్దవాళ్ల విషయంలోనే ఇంత రచ్చ అయితే, పసిపిల్లల సంగతేంటి? కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్.. ఈ బెల్ట్ నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లు, అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో సెటిలైనోళ్లు తక్కువేం కాదు. అక్కడే పరిచయమై వేరే దేశం అమ్మాయినో, అబ్బాయినో పెళ్లి చేసుకున్న జంటలూ ఉన్నాయి. పెళ్లి వరకు పెద్దగా తిప్పలుండవు. బిడ్డ పుట్టాకే అసలు కథ మొదలవుతుంది.

చట్టం ఏం చెప్తోంది?

1955 పౌరసత్వ చట్టంలో 4వ సెక్షన్ చూడాలి. 1992 డిసెంబర్ 10కి ముందు విదేశంలో పుట్టినవాళ్లకు తండ్రి భారతీయుడైతేనే వారసత్వంగా పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైనా లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఎవరు భారతీయులైనా చాలు అన్నారు. ఆలస్యంగానైనా మంచి మార్పే. కానీ 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకో షరతు వచ్చి చేరింది. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత ఎంబసీలోనో, కాన్సులేట్‌లోనో జననాన్ని రిజిస్టర్ చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. అంటే ఫైలు ఢిల్లీలోని హోంశాఖ దాకా పోవాల్సిందే.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆస్పత్రి సర్టిఫికెట్, అక్కడి మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్ చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. ఎంబసీలో రిజిస్ట్రేషన్ వేరే పని అని తెలిసేసరికి బిడ్డకు రెండేళ్లో మూడేళ్లో వచ్చేస్తాయి.

దుబాయ్‌లో పుడితే ఒక లెక్క..

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంచిర్యాల అబ్బాయి, ఫిలిప్పీన్స్ అమ్మాయి, దుబాయ్‌లో కాపురం. గల్ఫ్ దేశాలు పుట్టిన నేలను బట్టి పౌరసత్వం ఇవ్వవు. బిడ్డ అక్కడ ఉండాలంటే రెసిడెన్స్ వీసా కావాలి, వీసాకు పాస్‌పోర్టు కావాలి. యూఏఈలో అయితే పుట్టిన 120 రోజుల్లోపు వీసా పని పూర్తి కావాలి, లేదంటే ఫైన్ పడుతుంది. తల్లి దేశం చట్టం ప్రకారం ఆ బిడ్డ ఫిలిప్పీన్స్ పౌరుడు కూడా. దాంతో ఫైన్ భయానికి ఏ పాస్‌పోర్టు ముందు వస్తే అది తీసేసుకుంటారు.

తీసుకున్నాక తండ్రి భారత కాన్సులేట్‌కు వెళ్తే, పైన చెప్పిన డిక్లరేషన్ ముందు పెడతారు. వేరే పాస్‌పోర్టు లేదని ఎలా రాస్తాడు? అబద్ధం రాస్తే రేపు కేసు అవుతుంది. ఇక్కడ చట్టంలోని సన్నటి గీత గమనించాలి. బిడ్డకు పుట్టుకతో రెండో దేశం పౌరసత్వం ఉన్నా రిజిస్ట్రేషన్‌కు అడ్డు లేదు, పాస్‌పోర్టు పుస్తకం ఉంటేనే అడ్డు. కాబట్టి ఏ దేశం పాస్‌పోర్టు అనేది బిడ్డ పుట్టకముందే మాట్లాడుకోవాల్సిన విషయం. 120 రోజుల గడువు నెత్తిన పెట్టుకుని తేల్చేది కాదు.

అమెరికా లెక్క వేరు. ఇప్పటిదాకా అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అమెరికన్. అమెరికా పౌరులు ఆ దేశం దాటాలన్నా, తిరిగి రావాలన్నా అమెరికా పాస్‌పోర్టే వాడాలన్నది అక్కడి రూల్. అందుకే అమెరికా జంటలు ఎక్కువగా ఓసీఐ కార్డు దారి పడతాయి. జర్మనీ 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలకు ఓకే చెప్పింది. కానీ జర్మనీ ఒప్పుకుంటే సరిపోదు కదా, మన దేశం ఒప్పుకోవాలి.

ఓసీఐ ఉంటే చాలదా?

తాతమ్మల ఊరికి వచ్చిపోవడానికి చాలు. వీసా గొడవ ఉండదు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారతీయులైనా మైనర్‌కు ఇస్తారు. అయితే పేరులో సిటిజన్ అని ఉన్నా అది పౌరసత్వం కాదు. ఓటు ఉండదు. సాగుభూమి కొనలేరు. తాతముత్తాతల పొలం వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. కొనడం, వారసత్వంగా రావడం రెండూ ఒకటే అనుకుని ఊళ్లో లొల్లి పెట్టుకునే కుటుంబాలు ఈ తేడా తెలుసుకోవాలి.

చదువు దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్‌తో నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలకు ఎన్ఆర్ఐ సీట్లు, సూపర్‌న్యూమరరీ సీట్లే దిక్కయ్యాయి. ఆ తేదీకి ముందే కార్డు ఉన్నవాళ్లకు 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. ఆ తర్వాత కార్డు తీసుకున్నవాళ్లకు ఆ ఊరట లేదు. కరీంనగర్‌లో ఇంటర్ చదివి, ఇక్కడి పిల్లలతోనే పోటీ పడి ర్యాంకు తెచ్చుకున్నా, మామూలు సీటుకు అర్హత ఉండదన్నమాట. ఇది పసివయసులో తీసుకున్న ఒక పుస్తకం ఫలితం.

తల్లి పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరురాలైతే ఓసీఐ దారి కూడా మూసుకుపోతుంది. గల్ఫ్‌లో ఇలాంటి సంబంధాలూ జరుగుతుంటాయి. అలాంటి బిడ్డకు ఏడాదిలోపు ఎంబసీ రిజిస్ట్రేషన్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడికొచ్చి చేయించుకుంటాం అంటే?

కరీంనగర్‌లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. ఆదిలాబాద్, మంచిర్యాలలో పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాలున్నాయి. ఎంబసీలో రిజిస్టర్ అయి, పాస్‌పోర్టు ఒకసారి వచ్చిన బిడ్డకు ఇక్కడ రెన్యువల్ పెద్ద కష్టం కాదు. అసలు రిజిస్టర్ కాని బిడ్డను తీసుకొస్తే మాత్రం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు ఏమీ చేయలేరు. పౌరసత్వం ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. ముందు హోంశాఖ పోర్టల్‌లో అప్లై చేయాలి, తర్వాతే పాస్‌పోర్టు. ఏజెంట్లు 'మేం చూసుకుంటాం' అంటే నమ్మి డబ్బులు పోగొట్టుకోవద్దు.

భార్యాభర్తలు విడిపోతే తలనొప్పి డబుల్. మైనర్ పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు అడుగుతారు. ఒకరు సంతకం పెట్టకపోతే అనెగ్జర్ సి ఇవ్వాలి, గొడవ కోర్టులో ఉంటే ఆ కాగితాలూ చూపాలి. తల్లి మనీలాలో, తండ్రి మంచిర్యాలలో ఉంటే ఆ ఒక్క సంతకమే ఏళ్ల తరబడి ఆపేస్తుంది.

గల్ఫ్ బాధితుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. అక్కడ ఎక్కువగా వినపడేది చనిపోయినవాళ్ల గురించి, జైళ్లలో ఉన్నవాళ్ల గురించే. అది సహజమే. కానీ ఏడాది గడువు సంగతి గల్ఫ్ పోయే ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఖర్చేమీ కాదు, ఒక కరపత్రం చాలు.

ఇంకో గడువు కూడా ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లే లేరు. పుట్టుకతో రెండు పౌరసత్వాలున్న బిడ్డ 18 ఏళ్లు నిండిన ఆరు నెలల్లోపు విదేశీ పౌరసత్వం వదులుకోవాలి. లేదంటే భారత పౌరసత్వం పోతుంది. 2004 డిసెంబర్ తర్వాత కొత్త రూల్ కింద రిజిస్టరైన మొదటి బ్యాచ్ పిల్లలకు 2022 డిసెంబర్ నుంచే 18 నిండుతున్నాయి. ఇప్పుడు ఇంటర్ పూర్తి చేసి ఓటరు కార్డుకు అప్లై చేస్తున్న వయసు వాళ్లది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఫారం నింపేముందు పుట్టినరోజు నుంచి ఆరు నెలలు లెక్కేసుకోండి.