కెమెరా ఎవరి కోసం?

(తృతీయ బి.ఎస్సి., ఎం.పి.సి. విద్యార్థి)

ప్రతి సంవత్సరం మన కళాశాలలో షటిల్, కబడ్డీ, వాలీబాల్, టేబుల్ టెన్నిస్ పోటీలు ఇండోర్ హాల్లో జరుగుతూనే వున్నాయి. వాటిని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయాలన్న కోరిక ఇప్పుడు విద్యార్థుల్లో బలంగా వుంది. మంచి కోరికే. కానీ దాంతోపాటే యూనియన్ గదిలో, క్యాంటీన్‌లో, హాస్టలు వరండాలో ఒకటే చర్చ: "ఏ కంపెనీ కెమెరా కొందాం? ఫోర్-కే వుందా, లేదా?" నన్నడిగితే ఈ ప్రశ్న చివర అడగాల్సింది. ముందు అడగాల్సినవి రెండున్నాయి. మన హాల్లో వెలుతురు ఎంత? మన ఆట చూసేదెవరు, దేనిలో చూస్తారు?

మా ఊళ్లో రైతు మోటారు కొనాలంటే ముందు బోరు లోతెంత, నీళ్లు ఎన్ని అడుగుల్లో వున్నాయి, కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని చూసుకుంటాడు. షాపులో మోటారు నిగనిగలు చూసి మోజుపడి తెచ్చుకున్నవాడు తర్వాత గట్టుమీద కూర్చుని తల పట్టుకుంటాడు. కెమెరా సంగతీ అంతే.

మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలుతురు దాదాపు లక్ష లక్సులుంటే, మామూలు హాల్లో మూడు నాలుగు వందల లక్సులకు మించదు. అంటే వందల రెట్లు తక్కువ. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకు తేడా తెలియదు. కెమెరా అట్లా సర్దుకోలేదు. అందుకే కాలేజీ మైదానంలో అద్దంలా కనిపించిన బొమ్మ హాల్లోకి రాగానే చుక్కలు చుక్కలుగా, మసకగా తయారవుతుంది.

ఆట వేగం దీనికి తోడు. మన అమలాపురం ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు కెక్కాడు. మన కాలేజీ ఆటగాడు 200 కిలోమీటర్ల వేగంతో కొట్టాడనుకుందాం. సెకనుకు 55 మీటర్లు! షట్టరు సెకనులో యాభయ్యో వంతు తెరిచి వుంటే, ఆ కాస్త సేపట్లో షటిల్ మీటరు పైగా దూరం పోతుంది. తెరమీద కనిపించేది షటిల్ కాదు, తెల్లని గీత. షట్టరును అయిదువందలో వంతుకు తగ్గిస్తే జరుగుదల 11 సెంటీమీటర్లకు దిగుతుంది గాని, కెమెరాలోకి వచ్చే వెలుతురు కూడా పదో వంతుకు పడిపోతుంది. అసలే చీకటి హాలు, ఆ పైన ఇది! కాబట్టి వెలుతురు లేనిచోట ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ప్రయోజనం సగమే.

ఇంకో చిక్కు వుంది. మన కరెంటు సెకనుకు యాభై సైకిళ్లు. మామూలు ట్యూబులైటు, నాసిరకం ఎల్ఈడీ దీపం సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు, వేగమైన షట్టరు మాత్రం పట్టేస్తుంది. బొమ్మమీద నల్లని పట్టీలు పాకుతాయి. అందువల్ల మనదేశంలో కెమెరాను అరవై ఫ్రేముల మీద కాక యాభై ఫ్రేముల మీద పెట్టాలి. షట్టరు వందో వంతులో వుంటే పట్టీల బెడద తీరుతుంది. కబడ్డీకి అది చాలు. రైడర్ సెకనుకు ఆరేడు మీటర్లు కదిలినా ఆ వ్యవధిలో జరిగేది ఆరేడు సెంటీమీటర్లే. షటిల్‌కు మాత్రం మిణుకు లేని మంచి దీపాలు కావాల్సిందే. ఆ దీపాలు ప్రసారం లేని రోజుల్లో కూడా ఆటగాళ్లకు పనికొస్తాయి కదా!

కొందరు మిత్రులు, "ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొందాం, వార్షికోత్సవం ఫోటోలకు కూడా పనికొస్తుంది" అంటున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. దాని సెన్సరు వైశాల్యం ఒక అంగుళం రకం సెన్సరు కన్నా ఏడు రెట్లు పెద్దది, చీకట్లో బాగా చూస్తుంది. అయితే గ్యాలరీ నుంచి రైడర్ ముఖం దగ్గరగా చూపాలంటే దానికి పొడవాటి లెన్సు కావాలి. వెలుతురు బాగా పట్టే పొడుగు లెన్సు ఖరీదు ఒక్కోసారి కెమెరానే మించిపోతుంది. లెన్సు పూర్తిగా తెరిస్తే రైడర్ స్పష్టంగా, అతన్ని పట్టుకోబోయే డిఫెండర్లు మసకగా వస్తారు. పెళ్లిఫోటోలో అది అందం, కబడ్డీలో అది లోపం. పైగా ఫోటో కెమెరాల్లో కొన్ని గంటలతరబడి నడిస్తే వేడెక్కి ఆగిపోతాయి.

నా ఓటు ఒక అంగుళం సెన్సరున్న వీడియో కెమెరాకే. జూమ్ లెన్సులోనే వుండాలి. బొమ్మను కోసి పెద్దది చేసే డిజిటల్ జూమ్ లెక్కలోకి రాదు. జూమ్ చేసేకొద్దీ లెన్సు చీకటి పడుతుంది. ఎఫ్ 2.8 కాస్తా 5.6 అయితే వెలుతురు నాలుగో వంతే. కాబట్టి చివరి జూమ్ దగ్గర ఎఫ్ ఎంతో కూడా అడగాలి. బ్యాటరీ కాక కరెంటుతో నడవాలి. తెరమీది అంకెలు, గుర్తులు లేకుండా శుభ్రమైన బొమ్మను కేబుల్ ద్వారా బయటికి ఇవ్వాలి. గట్టి స్టాండు తప్పనిసరి.

"మనిషే అక్కర్లేదు, తనంతట తానే ఆటను వెంటాడే కెమెరా కొందాం" అనేవాళ్లూ వున్నారు. 2020 అక్టోబరులో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌ని అలాంటి కెమెరాతోనే ప్రసారం చేశారు. అది లైన్స్‌మన్ బట్టతలను బంతి అనుకుని మాటిమాటికీ ఆయన్నే చూపించింది! ఆ తర్వాత యంత్రాలు మెరుగుపడి వుండొచ్చు. అయినా అసలు బంతే లేని కబడ్డీలో ఎప్పుడు రైడర్‌ని, ఎప్పుడు మూలనున్న డిఫెండర్‌ని చూపాలో ఆట తెలిసిన మన విద్యార్థి కన్నా యంత్రానికి బాగా తెలుస్తుందా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చూసేదెవరు? హాల్లో వున్నవాళ్లకు ప్రసారం అక్కర్లేదు. చూసేది ఊళ్లలో వున్న మన అమ్మానాన్నలు, అన్నదమ్ములు. కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరిన తల్లి, తన కూతురు ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడని కబడ్డీ ఆడుతుంటే అరచేతిలోని ఫోనులో చూస్తుంది. ఆ ఫోనుకు సిగ్నలు వస్తూ పోతూ వుంటుంది. 720 రకం బొమ్మకు సెకనుకు మూడు మెగాబిట్ల లెక్కన గంటకు సుమారు 1.35 జీబీ ఖర్చవుతుంది. ఫోర్-కేకు ఇరవై మెగాబిట్లు వేసుకుంటే గంటకు 9 జీబీ! ఆమె ఫోను దాన్ని ఎలాగూ తగ్గించే చూపిస్తుంది. ఆమెకు కావలసింది బొమ్మ ఆగకపోవడం, స్కోరు కనబడటం, రైడర్ కూత వినబడటం, ఏం జరిగిందో తెలుగులో చెప్పే ఒక గొంతు. అంటే రెండు మంచి మైకులు, హాలుకు వైఫై కాక నేరుగా ఒక ఇంటర్నెట్ వైరు. వీటి గురించి మన చర్చల్లో ఒక్కరైనా మాట్లాడారా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

యూనియన్ డబ్బు ఎవరి సొంతమూ కాదు. అప్పో సప్పో చేసి ఫీజు కట్టిన ప్రతి కుటుంబానిదీ అందులో పాలు వుంది. కాబట్టి ఆటల కార్యదర్శికి నా మనవి ఇది. కొనడానికి ముందు పట్నంలో పెళ్లిళ్ల వీడియోవాళ్ల దగ్గర రెండు రకాల కెమెరాలు ఒక్కరోజుకు అద్దెకు తేవాలి. రాత్రి ఏడుగంటలకు, మన హాలు దీపాల కిందే, నిజమైన ఆట ఆడించి తీయాలి. దాన్ని పెద్ద టీవీలో కాదు, ఏదైనా ఊళ్లో వున్న మామూలు ఫోనులో చూసి తేల్చాలి. వున్న డబ్బులో సగానికి మించి కెమెరాకు పెట్టకుండా, మిగతాది దీపాలకు, మైకులకు, స్టాండుకు వుంచాలి. నడపడం నేర్పే జట్టులో అమ్మాయిలూ సమానంగా వుండాలి.

మూడేళ్లకు మనం వెళ్లిపోతాం. తర్వాత వచ్చేవాళ్లకు మిగిలేది బీరువాలో తాళం వేసిన ఖరీదైన పెట్టె కాకుండా, ప్రతి పోటీకీ స్టాండెక్కే కెమెరా కావాలంటే, బిల్లు మీద సంతకం పెట్టేముందు ఒకసారి ఆ హాల్లోకి వెళ్లి దీపాల వంక తలెత్తి చూడండి.